ఏడు గంటల ఘాటు

పెనుకొండలో సుధారాణి పొద్దున నాలుగున్నరకు లేస్తుంది. లేచి మొగుణ్ణి లేపుతుంది. మొగుడు తిప్పన్న లేచినట్టే మూలిగి మళ్ళీ పడుకుంటాడు. రెండోసారి లేపుతుంది. ఇరవై ఏళ్ళుగా జరుగుతున్న పనే కాబట్టి ఇందులో ఎవరికీ కోపం లేదు. ఐదింటికల్లా ఇద్దరూ హోటల్లో ఉంటారు. హోటల్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, గది ముందు రేకుల పంచ, పంచలో నాలుగు బెంచీలు. బోర్డు మీద 'శ్రీ లక్ష్మీ టిఫిన్స్' అని ఉంటుంది గానీ ఆ పేరుతో అడిగితే పెనుకొండలో ఎవరూ దారి చూపించరు. ఉగ్గాని హోటల్ అనాలి. ఉగ్గాని అంటే బొరుగుల, అదే మరమరాల, తాలింపు.

తిప్పన్న డ్రమ్ముల్లో నీళ్ళు నింపుతాడు. సుధారాణి బొరుగులు నానబెట్టి, గట్టిగా పిండి, గంపలో వేస్తుంది. అత్త పుట్టమ్మ డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పంచలో స్టూలు వేసుకుని పుట్నాల పొడి జల్లిస్తూ కోడలి పనిలో తప్పులు వెతుకుతుంది. ఏడు గంటలకు పెద్ద బాణలిలో నూనె కాగుతుంది. ఆవాలు, కరివేపాకు, ఆ వెనకే తుంచిన ఎండుమిరపకాయలు రెండు గుప్పిళ్ళు. ఉగ్గానికి పచ్చిమిర్చి చాలదా అని కొత్తవాళ్ళు అడుగుతారు. ఈ హోటల్లో చాలదు. తోపుడు బండి రోజుల నుంచీ పుట్టమ్మ పెట్టిన అలవాటు అది.

మిరపకాయలు నల్లబడే ముందు ఘాటు లేస్తుంది. లేచి, రేకుల కింద ఒక చుట్టు తిరిగి, మెట్లు దిగి వీధిలోకి పోతుంది. గాలివాటున పోయే రకం కాదది. కొండ మీది నుంచి గాలి ఎదురు కొట్టినా రోడ్డుకు ఎడమ పక్కనే నడుస్తుంది. రోజూ తినేవాళ్ళ ఇళ్ళు దానికి తెలుసు. ఒక్కో ఇంటి కిటికీలోంచి లోపలికి పోయి, ఎవరో ఒకరు తుమ్మేదాకానో దగ్గేదాకానో కూర్చుంటుంది. తుమ్ము వినబడగానే లేచి పక్కింటికి పోతుంది. ఆ ఇంటి మనిషి చొక్కా తొడుక్కుని హోటల్ దారి పడతాడు. అన్ని ఇళ్ళూ తిరిగి ఏడున్నరకు వెనక్కి వచ్చి బాణలిలో దిగుతుంది. అప్పుడే రెండో వాయి. అది తిరిగి రానిదే రెండో వాయి మిరపకాయలు ఎంత మాడినా ఘాటు రాదు. ఆ బాణలికి ఉన్నది ఆ ఒక్క ఘాటే.

వీధిలో ఎవరు తుమ్మినా పుట్టమ్మ జల్లెడ ఆపకుండానే "చిరంజీవ" అంటుంది. వరసలో ఆఖరి ఇల్లు దేవదాసుది. ఆయన పదకొండు తుమ్ములు తుమ్ముతాడు. పదీ కాదు, పన్నెండూ కాదు. పుట్టమ్మ పదకొండుసార్లూ చిరంజీవ అని, "ఇంగ రెండో వాయి పెట్టుకోవే" అంటుంది.

దేవదాసు ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక చిన్న ఇల్లు, హోటల్ నడుస్తున్న ఈ గది. రోజూ ఒకే బెంచీ మీద ఒకే మూల కూర్చుని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాడు. తిన్నాక "ఉప్పు లేదు" అంటాడు, లేకపోతే "ఉప్పు ఎక్కువైంది" అంటాడు. వీళ్ళు ఆ గదికి వచ్చిన పదిహేనేళ్ళలో ఉప్పు సరిపోయిన రోజు ఒక్కటీ లేదు. ఆ మాట చెప్పి "రైట్" అని లేచిపోతాడు. ఏ మాటకైనా చివర ఆయన రైట్ అంటాడు. రైట్ అన్నాక ఇక బస్సు ఆగదు.

అట్లాంటి హోటల్‌కు కరోనా వచ్చింది. మనుషులకు రావడం తర్వాతి మాట, ముందు హోటళ్ళకే వచ్చింది.

మొదటి ఏడాది మొత్తానికి మూయమన్నారు, మూశారు. ఎర్రమంచి ఫ్యాక్టరీకి పోయే షిఫ్టు బస్సులు ఆగిపోయాయి. హోటల్లో సగం ఉగ్గాని తినేది ఆ బస్సుల్లోని కుర్రాళ్ళే. తర్వాత తెరవమన్నారు, బెంచీకి ఒకరే కూర్చోవాలన్నారు. ఒకడు తింటుంటే ముగ్గురు నిలబడి వాడి నోటి వంక చూసేవాళ్ళు. కాస్త కుదుటపడే లోపల రెండో ఏడాది మే నెలలో మళ్ళీ మొదలు. పొద్దున ఆరు నుంచి పన్నెండు వరకే, అదీ పార్సిల్ మాత్రమే. బెంచీలు తిరగేసి గోడకు చేర్చారు. రోజుకు రెండుసార్లు మైకు ఆటో వచ్చి, ఇళ్ళల్లోనే ఉండండి, బయటికి రాకండి అని సరిగ్గా హోటల్ ముందు ఆగి మరీ చెప్పి పోయేది.

"తెరవమనేదీ వాళ్ళే, ఎవురూ రావద్దనేదీ వాళ్ళే," అని సుధారాణి గరిటెతో బాణలి అంచు మీద కొట్టేది. "నేను తెరిసినట్టా, మూసినట్టా? ఏదో ఒక మాట చెప్పి సావండప్పా!"

తిప్పన్న మాస్కు గడ్డం కింద పెట్టుకుని అన్నిటికీ తల ఊపి డ్రమ్ముల్లో నీళ్ళు నింపుకునేవాడు. అందుకూ ఆమెకు కోపమే. ఇంట్లో కూర్చున్న జనం ఫోన్లు చూసి ఉగ్గాని చేసుకోవడం నేర్చుకున్నారు. చేసుకుంటే చేసుకున్నారు, ఫోటో తీసి ఆమెకే పంపి, ఎట్లుండాది అక్కా అని అడిగేవాళ్ళు. ఆ రోజుల్లో సుధారాణి ఫోన్ విసిరికొట్టకుండా ఉండడమే ఆమె చేసిన గొప్ప తపస్సు.

ధర్మవరంలో ఆమె తమ్ముడు వెంకటేష్ భోజనాల హోటల్ నడిపేవాడు. పెళ్ళి పట్టుచీరలు కొనడానికి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం అక్కడ తినేవాళ్ళు. పెళ్ళిళ్ళు ఆగాయి, చీరలు ఆగాయి, తినేవాళ్ళు ఆగారు. మొదటి ఏడాదే మూసేశాడు. ఇప్పుడు లగేజీ ఆటోలో హిందూపురం మార్కెట్టు నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముతున్నాడు. రోజూ ఫోన్ చేస్తాడు.

"అక్కా, మూసెయ్. మొండితనం వద్దు."

"నువ్వు మూసి ఏం బాగుపడినావురా?"

"నిద్రన్నా పడతాండాది."

"అట్లాంటి నిద్ర నాకొద్దులే," అని పెట్టేసేది. తమ్ముడి హోటల్ బెంచీలు ఎవరో పొయ్యిలోకి కట్టెలకని పట్టుకుపోయారని తెలిసిన రోజు ఆమె తలుపు చాటుకు పోయి ఏడ్చింది.

ఘాటుకు మాత్రం లాక్‌డౌన్ లేదు. ఏడింటికి లేచి దాని తిరుగుడు అది తిరిగేది. వీధి చివర పోలీసులు కట్టెలు అడ్డం కట్టారు. మొదటి రోజు అది వాటి ముందు ఆగింది. కాపలా కానిస్టేబులు రెండు తుమ్ములు తుమ్మి, "పో, పో" అని చెయ్యి ఊపాడు. కట్టెల కింద నుంచి దూరి పోయింది. జనం రాలేరు కాబట్టి, తుమ్మిన ఇళ్ళ గేట్లకు తిప్పన్న పార్సిళ్ళు తగిలించి వచ్చేవాడు. హోటల్ ఆ మాత్రమైనా ఊపిరి పీలుస్తోందంటే ఘాటు పుణ్యమే.

ఇబ్బంది ప్రమీలకు వచ్చింది. ప్రమీల ఆ వార్డుకు ఆశా కార్యకర్త. ఇంటింటికీ పోయి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని రాసుకోవడం ఆమె పని. మొదటి రోజు పొద్దున ఏడుం పావుకే వచ్చింది. వీధి వీధంతా దగ్గుతోంది. రాసుకుని పంపింది. మర్నాడు వీధికి రెండు పక్కలా ఎర్ర రిబ్బన్లు కట్టారు. సుధారాణి జుట్టు ముడేసుకుంటూ వీధిలోకి పోయింది.

"అది నా దగ్గు పాపా! కరోనా దగ్గు కాదు! ఇరవై ఏళ్ళ నుంచి దగ్గుతాండారు వీళ్ళు!"

"దగ్గు దగ్గే గదక్కా. ఎవురి దగ్గని ఫారంలో యాడ రాసేది?"

అయినా ప్రమీల న్యాయం తెలిసిన మనిషి. రిబ్బన్లు తీయించి, మరుసటి రోజు నుంచి తొమ్మిది దాటాక రావడం మొదలుపెట్టింది. ఎనిమిదికి ముందు దగ్గితే హోటల్ దగ్గు, ఎనిమిది తర్వాత దగ్గితే సర్కారు దగ్గు అని వీధిలో ఒక ఒప్పందం కుదిరింది.

అంతా ఒక దారికి వస్తోందనుకుంటుండగా దేవదాసు రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి కట్టుకుని హోటల్‌కు వచ్చి, మెట్ల కిందే నిలబడ్డాడు.

"ఏమ్మా సుధారాణీ, నెలాఖరుకు గది ఖాళీ చెయ్యల్ల. హనుమంతరాయుడు మెడికల్ షాపు పెడతానంటాండాడు. మాట ఇచ్చినా."

సుధారాణి బొరుగుల గంప కింద పెట్టింది. "ఇట్లాంటి కాలంలో మేం యాడికి పోదుమన్నా? మాకు గదెవురిస్తారు?"

"ఇట్లాంటి కాలంలో నడిచేది మెడికల్ షాపులే. నీది యాడ నడుస్తాండాది? పొద్దున లేస్తే వీధంతా తుమ్ములు. పదకొండు తుమ్మేసరికి నాకు నడుం పట్టుకుంటాది."

"పదిహేనేళ్ళుగా తుమ్ముతానే ఉండావు గదన్నా!"

"అందుకే ఇంగ చాలంటాండా. రైట్."

రైట్ అన్నాడు కాబట్టి సుధారాణి ఇక బతిమాలలేదు. ఆయన వెళ్ళాక మాత్రం తిట్టింది. నాలుగు రోజులకు హనుమంతరాయుడు టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలుచుకున్నాడు. మర్యాదస్తుడే. పొయ్యి ఉన్న మూల చూపించి, "ఈడ ఫ్రిజ్జు వస్తాది" అన్నాడు. పుట్టమ్మ జల్లెడ ఆపి అతని కళ్ళ వంకే చూసింది. గది ఖాళీ చేయమన్న మనిషి పార్సిల్ మాత్రం మానలేదు. తిప్పన్న రోజూ గేటుకు తగిలించేవాడు. తిని, ఫోన్ చేసి, ఉప్పు సంగతి చెప్పేవాడు దేవదాసు. నెలాఖరుకు వారం ఉందనగా ఒక రోజు ఫోన్‌లో కాస్త ఎక్కువే అన్నాడు.

"ఉప్పు లేదు. కారం లేదు. ఉల్లిగడ్డ వాసన కూడా లేదు. గడ్డి తిన్నట్టుండాది."

"గడ్డి తిను పో," అని ఫోన్ పెట్టేశాక అంది సుధారాణి.

రెండు రోజుల తర్వాత ఒక గురువారం ఘాటు మామూలుగానే లేచి వీధిలోకి పోయింది. ఒక్కో ఇంట్లో తుమ్ము వినబడింది, పుట్టమ్మ చిరంజీవ అంటూ పోయింది. ఆఖరి ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పుట్టమ్మ జల్లెడ పట్టుకుని ఎదురుచూసింది. ఏడున్నర అయింది. ఎనిమిది అయింది. సుధారాణికి ఓపిక అయిపోయి రెండో వాయి పెట్టేసింది. మిరపకాయలు బొగ్గులయ్యాయి, ఘాటు రాలేదు.

పుట్టమ్మ లేచి వచ్చి బాణలిలోకి తొంగి చూసి తల ఊపింది.

"దిష్టి. చెప్పినా గదా, ఆ టేపు పట్టుకుని వచ్చినోని కండ్లు మంచివి కావని. మిరపకాయ మాడినాక ఘాటు రాలేదంటే దిష్టి గాక ఇంగేముంటాది?"

ఇది ఎవరూ కాదనలేని మాట. దిష్టి తీసిన మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటు రాకపోవడమే దిష్టికి రుజువని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పుట్టమ్మ ఏడు మిరపకాయలు, గుప్పెడు ఉప్పు తీసుకుని హోటల్‌కు మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. చిటపటలాడి మాడాయి. ఘాటు లేదు. "చూడు, ఎంత దిష్టి ఉండాదో!" అంది. పదిహేను వేసింది. రాలేదు. "అబ్బబ్బ, మామూలు దిష్టి కాదు!" అంది. ఎన్ని మిరపకాయలు వేస్తే దిష్టి అంత పెద్దదని తేలుతోంది. బూడిద గుమ్మడికాయ తెమ్మని తిప్పన్నను తరిమింది. అతను మార్కెట్టంతా తిరిగి, కానిస్టేబులుకు సంజాయిషీ చెప్పుకుని, ఒక సొరకాయతో వచ్చాడు.

"దిష్టికి సొరకాయేందప్పా!" అని సుధారాణి నెత్తి కొట్టుకుంది. "మొదటి వాయి అయిపోయి గంటయింది. రెండో వాయి తిన్నోళ్ళు చప్పగుండాదని వాపసు ఇస్తాండారు. అవతల నెలాఖరు ముంచుకొస్తాండాది. మీరేమో సొరకాయ పగలగొడతాండారు!"

అయినా పగలగొట్టారు. ఘాటు రాలేదు. సొరకాయ కదా, అందుకే అంది పుట్టమ్మ.

పది గంటలకు ప్రమీల ముక్కు తుడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, మీ ఘాటు ఇంగా దేవదాసన్న ఇంట్లోనే కూర్చోనుండాది. ఆ సందులో నుంచి వస్తాంటే తుమ్మి తుమ్మి ప్రాణం పోయింది నాకు."

"ఇంతసేపా? ఆయప్ప ఊర్లో లేడా?"

"ఉండాడే! తలుపు తీయకుండా లోపల నుంచే చెప్పినాడు. నాకు దగ్గు లేదు, తుమ్ము లేదు, ఏమీ లేదు, రాసుకో పో అన్నాడు. రాసుకున్నా. వీధి మొత్తానికి ఏ లక్షణమూ లేనిది ఆయనొక్కడే."

సుధారాణి గరిటె కింద పడేసింది. ఆమెకు వచ్చిన కోపం మామూలుది కాదు. ఖాళీ చేయించుకుంటే చేయించుకున్నాడు, ఉన్న నాలుగు రోజులన్నా నడవనివ్వకూడదా? తుమ్మడానికి కూడా ఈయప్పకు బరువేనా? చెంగు నడుముకు దోపుకుని బయలుదేరింది. వెనక తిప్పన్న, తిప్పన్న వెనక ప్రమీల.

తలుపు నెట్టగానే ఘాటు ఆమె గొంతు పట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా బాణలి ముందు నిలబడి ఒక్క తుమ్ము తుమ్మని సుధారాణి గోడ పట్టుకుని దగ్గింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ గది మధ్యలో కుర్చీలో దేవదాసు, ఏమీ లేనట్టు, కళ్ళు తెరుచుకుని కూర్చున్నాడు. పక్కన నిన్నటి పార్సిల్ సగం తిని వదిలేసి ఉంది.

"ఏమ్మా... గది తాళం... తెచ్చినావా?" అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

"తుమ్మన్నా! ఒక్క తుమ్ము తుమ్ము. నా ఘాటు నాకిచ్చెయ్. రెండో వాయి నిలిచిపోయింది."

"తుమ్ము... ఎట్ల వస్తాది... ఊరికే?"

"ఊరికేనా? ఇంటినిండా ఇంత ఘాటుండాది, నీకు తెలీడంల్యా?"

దేవదాసు గదంతా ఒకసారి చూశాడు. "ఏం ఘాటు?" అన్నాడు.

సుధారాణి కోపం ఆ మాటతో ఆగిపోయింది. ఉప్పు లేదు, కారం లేదు, ఉల్లిగడ్డ వాసన లేదు. ఆయన చెప్పాడు. చెప్పిందంతా నిజమే చెప్పాడు. పదిహేనేళ్ళలో మొదటిసారి ఉప్పు గురించి నిజం చెబితే, గడ్డి తినమంది తను. అప్పుడు చూసింది, ఆయన పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

ప్రమీల ఆయన వేలికి ఆక్సిజన్ మిషన్ పెట్టి, చూసి, తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. "డెబ్బై తొమ్మిది," అంది. తర్వాత గొంతు పెంచి, "అక్కా, ఇప్పుడే పోవల్ల. హిందూపురం," అంది.

108కి ఫోన్ చేస్తే బండి వేరే కేసు మీద కనగానపల్లి దిక్కు పోయి ఉంది, గంట పడుతుందన్నారు. ఆ సమయానికి హోటల్‌కు బొరుగుల మూటలు తెచ్చిన లగేజీ ఆటో వీధిలో ఉంది. తిప్పన్న ఆ రోజు మొదటిసారి ఎవరూ చెప్పకుండా ఒక పని చేశాడు. పరిగెత్తిపోయి ఆటోను వెనక్కి తిప్పుకుని వచ్చాడు. మూటలు పరిచి, ప్రమీల చెప్పినట్టు దేవదాసును వాటి మీద బోర్లా పడుకోబెట్టారు. బొరుగుల మూట మెత్తగా ఉంటుంది.

"టికెట్... తీసుకున్నారా... అందరూ?" అన్నాడు దేవదాసు మూటలోకి. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆయన తుమ్మలేదు కాబట్టి ఘాటు కూడా ఆటో ఎక్కింది. అది ఎక్కకపోయి ఉంటే హిందూపురం చేరడానికి ఎంతసేపు పట్టేదో. దారిలో మూడు చోట్ల పోలీసులు ఆపారు. పాసు అడగడానికి దగ్గరికి వచ్చి, నోరు తెరిచే లోపల తుమ్ములు అందుకుని, కళ్ళు తుడుచుకుంటూ గేటు ఎత్తారు. హిందూపురం పెద్దాసుపత్రిలో బెడ్డు దొరికింది. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. ఘాటును లోపలికి రానివ్వలేదు. పేషెంటుతో ఎవరూ రాకూడదని వాచ్‌మన్ చెప్పాడు. అది గేటు పక్కన, మెట్ల మీద, మిగతా బంధువులతో పాటు కూర్చుంది.

పందొమ్మిది రోజులు కూర్చుంది.

ఆ పందొమ్మిది రోజులూ సుధారాణి ఘాటు లేని ఉగ్గాని చేసింది. తుమ్ములు లేని వీధి పొద్దున పూట చచ్చినట్టుండేది. ఉగ్గాని చప్పగా ఉందని సగం ఇళ్ళు మానేశాయి. మిగతా సగం జాలిపడి తిన్నాయి, అది ఇంకా కష్టం. నెలాఖరు వచ్చింది, పోయింది. మూడు రోజులకొకసారి హనుమంతరాయుడు వచ్చి, నొప్పించకుండా, మాట సంగతి గుర్తుచేసి పోయేవాడు. ప్రమీల మాత్రం ఇంటింటికీ పోయి ఇప్పుడు దగ్గు సంగతి తర్వాత అడుగుతోంది. ముందు "నిన్న తిన్నది కారంగుండిందా?" అని అడుగుతోంది. ఆ ప్రశ్నతో ఇంకో నలుగురిని కనిపెట్టింది.

వెంకటేష్ మార్కెట్టుకు పోయినప్పుడల్లా ఆసుపత్రి గేటు దాకా పోయి వచ్చి ఫోన్ చేసేవాడు.

"నీ ఘాటు ఆడే ఉండాదక్కా. బాగై బయటికొచ్చినోళ్ళు దాని పక్కన నడిచి తుమ్మితే, గేటు కాడ కూర్చున్నోళ్ళంతా సంబరపడతాండారు. బయటికి రాకుండా పోయినోళ్ళూ ఉండారనుకో." మళ్ళీ తనే, "నేను మూసెయ్యమంటిని గదా. ఇంగ అననులే. దాన్ని చూసినాక నోరు రాలేదు," అన్నాడు.

తమ్ముడు ఆ మాట అనడం సుధారాణికి ఏడుపు తెప్పించింది. "కూరగాయలు ఎండకు వాడిపోతాయి, పో ఇంటికి," అని కసిరింది.

పందొమ్మిదో రోజు సాయంత్రం వెంకటేష్ మళ్ళీ చేశాడు. దేవదాసును మర్నాడు పంపిస్తున్నారట, పొద్దున ఆరింటికి తన ఆటోలోనే తీసుకొస్తాడట. ఆ మర్నాడే హనుమంతరాయుడు అద్దాల బీరువా, ఇద్దరు వడ్రంగులతో సహా దిగాడు.

"ఏమనుకోవద్దమ్మా. సగం నెల పోయింది. సార్ ఎప్పుడో మాట ఇచ్చినాడు."

"ఆయప్ప వస్తాండాడు. ఆయప్ప నోటితోనే విని పోతాం," అంది సుధారాణి. "అంతవరకు ఆ బీరువా మెట్లెక్కితే కాళ్ళిరగ్గొడతా."

తిప్పన్న మాత్రం ఒక బెంచీ మోసుకుపోయి రోడ్డు మీద పెట్టాడు. ఎప్పటికైనా పెట్టాల్సిందే కదా అని అతని ఉద్దేశం. ఏడు గంటలైంది. అలవాటు కొద్దీ బాణలి పెట్టింది, మిరపకాయలు వేసింది. ఏమీ లేవలేదు. చప్పటి ఉగ్గాని కలిపి, ఒక పార్సిల్ కట్టి, దేవదాసు గేటుకు తగిలించి రమ్మని తిప్పన్నను పంపింది. చేతులు తుడుచుకుని నిలబడింది.

అప్పుడు వీధి చివర కానిస్టేబులు తుమ్మాడు.

పుట్టమ్మ జల్లెడ చేతిలోకి తీసుకుంది. "చిరంజీవ," అంది. టీచరు ఇంట్లో రెండు తుమ్ములు. చిరంజీవ, చిరంజీవ. దర్జీ ఇంట్లో దగ్గు. ఎవరో పిల్ల కిటికీలోంచి "వచ్చింది!" అని అరిచింది. ఒక్కో ఇల్లూ తుమ్ముకుంటూ వస్తోంది. దాని వెనక వెంకటేష్ ఆటో చప్పుడు మెల్లగా వచ్చి, సందులోకి తిరిగి, ఆగింది. గేటు తెరిచిన చప్పుడు వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు.

సుధారాణి పొయ్యి మంట తగ్గించింది. చాలాసేపు గడిచినట్టనిపించింది. నిజానికి రెండు మూడు నిమిషాలే అయి ఉంటుంది.

ఒక తుమ్ము వినబడింది, చిన్నది, నీరసంగా. పుట్టమ్మ జల్లెడ ఆపింది. "చిరంజీవ." రెండు. మూడు. ఆరు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. సుధారాణి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు.

పన్నెండు లేదు. ఘాటు మెట్లెక్కి వచ్చి, అందరినీ దాటుకుని, బాణలిలో దిగింది.

పావుగంటకు ఫోన్ మోగింది. సుధారాణి ఎత్తి చెవికి పెట్టుకుంది.

"ఏమ్మా," అన్నాడు దేవదాసు. గొంతు సన్నబడింది గానీ ఆయనదే. "ఉప్పు ఎక్కువైంది."

"అట్లనా అన్నా," అంది.

"అట్లనే. రేపట్నుంచి తగ్గించు."

అవతల ఆయన ఊపిరి సరిచేసుకున్నాడు.

"రైట్," అన్నాడు.

ఆమె ఫోన్ చెంగులో తుడిచి గూట్లో పెట్టింది. హనుమంతరాయుడు ఆమె వంక చూశాడు. "ఏమన్నాడు సారు?" అని అడిగాడు.

"రేపట్నుంచి ఉప్పు తగ్గించమన్నాడు."

హనుమంతరాయుడు ఆ మాట ఒకసారి ఆలోచించాడు. తర్వాత బీరువా వెనక్కి తిప్పుకోమని వడ్రంగులకు సైగ చేశాడు. ముక్కు ఎగబీల్చి గట్టిగా తుమ్మాడు.

"చిరంజీవ," అంది పుట్టమ్మ. అతని కళ్ళ వంక చూడకుండానే అంది.

"ఏమప్పా, రోడ్డు మీద ఆ బెంచీ ఎవురు తెస్తారు, మైకు ఆటో వాడా?" అని సుధారాణి మొగుడి మీద విరుచుకుపడింది. తిప్పన్న బెంచీ ఎత్తుకున్నాడు. పుట్టమ్మ స్టూలు మీద సర్దుకుని జల్లెడ ఆడించింది.

"ఇంగ రెండో వాయి పెట్టుకోవే," అంది.